ముసుగు ఎవరికి, సంతకం ఎవరిది?

"సార్, టార్ పెట్టుకుని రాస్తే ఇక ఎవరికీ దొరకం కదా?" ఈమధ్య విద్యార్థులు నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న. హాస్టల్లో జరిగే కులవివక్ష గురించి రాయాలి, పేరు బయటపడకూడదు. సీటు పోతుందేమోనన్న భయంతో అడుగుతున్నారు కాబట్టి సూటిగా మాట్లాడుకుందాం.

ఇన్‌కాగ్నిటో అంటే మీ ఫోన్లో హిస్టరీ మిగలకపోవడం, అంతే. మీరు ఏ సైటుకి వెళ్తున్నారో నెట్ ఇచ్చేవాడికి తెలుస్తూనే ఉంటుంది. వీపీఎన్ అంటే నెట్ కంపెనీ మీద పెట్టాల్సిన నమ్మకాన్ని ఇంకో కంపెనీ చేతిలో పెట్టడం. వీపీఎన్ కంపెనీలు వాడకందారుల వివరాలు ఐదేళ్ళు దాచిపెట్టాలని 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఆదేశించింది. ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, నార్డ్ వీపీఎన్ లాంటివి మన దేశంలోని సర్వర్లు ఎత్తేశాయి. మరి 'ఫ్రీ' వీపీఎన్ ఇచ్చేవాడు ఏం తిని బతుకుతున్నాడో ఆలోచించండి.

టార్ వేరు. 1990లలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టిన ఆలోచన ఇది. మీ ఉత్తరం మూడు కవర్లలో, మూడు చేతులు మారి వెళ్తుంది. మొదటి చేతికి మీరెవరో తెలుసు, ఎక్కడికి రాశారో తెలీదు. చివరి చేతికి ఎక్కడికో తెలుసు, ఎవరు రాశారో తెలీదు. మధ్య చేతికి రెండూ తెలీవు.

అయినా 2013 డిసెంబరులో పరీక్ష తప్పించుకోడానికి టార్ ద్వారా బాంబు బెదిరింపు పంపిన హార్వర్డ్ విద్యార్థి దొరికిపోయాడు. అతను చేసింది తప్పే, మనం చూడాల్సింది దొరికిన తీరు. టార్‌ని ఎవరూ ఛేదించలేదు. ఆ సమయంలో యూనివర్సిటీ వైఫై మీద టార్ వాడిందెవరో చూశారు, పిలిచి అడిగారు, ఒప్పుకున్నాడు. ఊరంతటికీ ముసుగు వేసుకున్నవాడు ఒక్కడే అయితే ఆ ముసుగే ఆనవాలు.

భీమా కోరేగావ్ కేసు గుర్తు తెచ్చుకోండి. రోనా విల్సన్ లాప్‌టాప్‌లోకి ఈమెయిల్ ద్వారా మాల్‌వేర్ చొప్పించి ఫైళ్ళు పెట్టారని 2021లో అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ నివేదిక ఇచ్చింది. మనం నడిచే దారిని టార్ దాచగలదు గానీ, ఇంటికి తాళం వేయలేదు.

తెలుగు పాఠం చెప్పేవాడిగా ఇంకో మాట. మీ భాషే మిమ్మల్ని పట్టిస్తుంది. యాస, ఊతపదం, ఏ గదిలో ఏ రోజు ఏం జరిగిందన్న వివరం చాలు. మీరెవరో తెలుసుకోడానికి వార్డెన్‌కి ఐపీ అడ్రస్ అక్కర్లేదు.

అసలు పేరు దాచుకోవడం మనకి సాఫ్ట్‌వేర్ నేర్పిన విద్య కాదు. "మీరేమిట్లు?" అని అడిగే ఇంటి ఓనరు నేర్పాడు. బరోడాలో ఉద్యోగానికి వెళ్ళిన అంబేద్కర్‌కి బస దొరక్క, పార్సీ సత్రంలో పార్సీ పేరుతో ఉండాల్సి వచ్చింది. విదేశాల్లో పెద్ద చదువులు చదివొచ్చిన మనిషి! పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. ఆ మారుపేరు ఆయనకి పది రోజుల పాటు నీడనిచ్చింది. అది మోసం కాదు, బతకడం.

అందుకే "నెట్‌లో ప్రతివాడికీ అసలు పేరు తప్పనిసరి చేస్తే బూతులు ఆగుతాయి" అనే వాదన నాకు మింగుడు పడదు. మనల్ని తిట్టేవాళ్ళలో ఎంతమంది కులం తోకతో సహా సొంత పేరు పెట్టుకునే తిడుతున్నారో చూడండి. వాళ్ళకి ముసుగు అవసరమే లేదు. దాన్ని లాగేస్తే ముందు బయటపడేది ఫిర్యాదు రాసిన పిల్లే. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో చెప్పింది. అది ఈ పిల్లకీ వర్తించాలి.

కాకపోతే పేరులేని ఫిర్యాదుని బుట్టలో వేయడం సులువు. కాగితం కదలాలంటే కింద సంతకం కావాలి. అది ఎవరు పెట్టాలి? స్కాలర్‌షిప్ మీద బతికే పిల్లలు కాదు. నెల తిరిగేసరికి జీతం పడే మాలాంటివాళ్ళు పెట్టాలి. "ధైర్యముంటే పేరుతో రాయండి" అని విద్యార్థికి చెప్పే అధ్యాపకులు ముందు ఆ కాగితం తీసుకుని తమ పేరు రాయాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, టార్ నేర్చుకోండి. మీ ఒక్కరే కాదు, హాస్టల్లో పదిమందీ వాడండి, మామూలు పనులకీ వాడండి. గుంపు పెరిగితేనే ముసుగు పనిచేస్తుంది. సంతకాల సంగతి మేం చూసుకోవాలి.

జై భీమ్.