సైలెన్సర్ మారిస్తే పెరిగేది పవరా.. చప్పుడా?

రోడ్డు మీద వరుసగా పరిచిన సైలెన్సర్లను పోలీసులు రోలర్‌తో తొక్కించిన ఫొటోలు మీరు చూసే ఉంటారు. హైదరాబాద్‌లో చేశారు, విశాఖలో చేశారు. వాటిలో ఎక్కువ బైకులవే. తీసుకెళ్లి బిగించుకున్న కుర్రాళ్లను అడిగితే ఒకటే మాట: ‘పికప్ పెరుగుద్ది అన్నా’. నిజంగా పెరుగుతుందా? మెకానికల్, ఆటోమొబైల్ చదివేవాళ్లు ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఈ ప్రశ్నకు సొంతంగా జవాబు వెతుక్కోవాలి. ఎందుకంటే స్పోర్ట్స్ కార్ల కంపెనీలు ఇప్పుడు సరిగ్గా దీనితోనే కుస్తీ పడుతున్నాయి.

యూరప్‌లో కార్ల శబ్దంపై 2014లో చేసిన చట్టం మూడు దశల్లో అమలవుతోంది. మామూలు కార్లకు పరిమితి 72 డెసిబెల్స్ నుంచి 70కి, అక్కడి నుంచి 68కి దిగింది. బరువుతో పోలిస్తే పవర్ బాగా ఎక్కువుండి, సీటు నేలకు దగ్గరగా ఉండే స్పోర్ట్స్ కార్లకు కొంచెం వెసులుబాటు ఇచ్చారు: 75, 74, 72. మూడో దశ 2024 జులై నుంచి కొత్త మోడళ్లకు, 2026 జులై 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే అన్ని కార్లకూ. 75 నుంచి 72కి అంటే మూడే కదా అనిపిస్తుంది. కానీ డెసిబెల్ లాగరిథమ్ లెక్క. మూడు తగ్గాలంటే శబ్ద శక్తి సగానికి పడిపోవాలి. పవర్ మాత్రం తగ్గకూడదు, కొనేవాడు ఊరుకోడు.

ఇది కుదిరే పనేనా? కుదురుతుంది. సైలెన్సర్ గొట్టంలో రెండు ప్రయాణిస్తుంటాయి. ఒకటి కాలిన వాయువు, అది ప్రవాహం. రెండోది వాల్వ్ తెరుచుకున్న ప్రతిసారీ పుట్టే ఒత్తిడి అల, అదే మన చెవికి చేరే శబ్దం. వాయువుకు దారిలో అడ్డాలెక్కువైతే దాన్ని నెట్టడానికి పిస్టన్ శక్తి వృథా చేస్తుంది. బ్యాక్ ప్రెషర్ అనేది ఇదే. అంటే ప్రవాహాన్ని వదిలేసి అలను మాత్రమే పట్టుకోగలిగితే రెండూ దక్కుతాయి. లోపలి జాలీ పీకేసి ఖాళీ గొట్టం బిగించేవాడు రెండింటినీ వదిలేస్తాడు. పైగా గొట్టం మరీ వెడల్పైతే వాయువు వేగం తగ్గి, తక్కువ ఆర్‌పీఎమ్‌లో టార్క్ పడిపోతుంది. చప్పుడు పెరిగింది కాబట్టి బండి లాగుతోందని మనకు అనిపిస్తుందంతే.

అలను పట్టుకునే పద్ధతుల్లో తేలికైనది చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ ఊల్ దట్టించడం. వాయువు తిన్నగా పోతుంది, శబ్దం ఊల్‌లో ఇంకిపోతుంది. కాకపోతే ఇది సన్నని, చురుకైన శబ్దాన్ని బాగా తాగుతుంది కానీ గుయ్‌మనే లోశబ్దాన్ని అంతగా ఆపలేదు. హైవే మీద ఒకే వేగంలో పోతుంటే తల దిమ్మెక్కించే ఆ హోరును ‘డ్రోన్’ అంటారు. దానికి వేరే మందుంది. నేను ఇంటర్వ్యూ చేసేవాణ్నయితే అడిగే ప్రశ్న కూడా ఇదే.

లెక్క చూడండి. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ 3000 ఆర్‌పీఎమ్‌లో తిరుగుతోంది. సెకనుకు 50 చుట్లు, చుట్టుకు రెండు పేలుళ్లు. అంటే 100 హెర్ట్జ్. వేడి వాయువులో శబ్ద వేగం మామూలు గాలిలో కంటే ఎక్కువ, 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకు సుమారు 480 మీటర్లు. వేగాన్ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగదైర్ఘ్యం 4.8 మీటర్లు. అందులో నాలుగో వంతు 1.2 మీటర్లు. అంత పొడవున్న గొట్టాన్ని ఒక చివర మూసేసి, ప్రధాన గొట్టానికి పక్కన అతికించండి. అందులోకి వెళ్లిన అల మూసిన చివర తగిలి, సగం తరంగం ఆలస్యంగా తిరిగొచ్చి, ఎదురొచ్చే అలను రద్దు చేస్తుంది. ప్రధాన దారిలో అడ్డమేమీ లేదు, కాబట్టి పవర్ పోదు. చిక్కల్లా ఆ 1.2 మీటర్లను కారు కింద ఎక్కడ దూర్చాలన్నదే!

ఇంకో మాట. రోడ్డు పరీక్షల్లో వాడే ‘ఏ’ స్కేల్ 100 హెర్ట్జ్ దగ్గర దాదాపు 19 డెసిబెల్స్ తగ్గించి చూపుతుంది. కాబట్టి మీటర్‌లో పాసైన కారు కూడా లోపల కూర్చున్నవాడికి నరకం చూపించవచ్చు.

పవర్ సంగతిలో ఆశలు అదుపులో పెట్టుకోండి. టర్బో లేని ఇంజిన్‌లో వెనక సైలెన్సర్ ఒక్కటే మారిస్తే వచ్చేది స్వల్పం. అసలు లాభం ఇంజిన్‌కు దగ్గర్లో, సిలిండర్ల గొట్టాలు కలిసే హెడర్ డిజైన్‌లో ఉంటుంది. టర్బో ఉంటే, టర్బైన్ తర్వాతి గొట్టంలో. కెటాలిటిక్ కన్వర్టర్‌ని పీకేయడం మాత్రం దొంగ దారే, అది గాలికి చేసే చేటు వేరే.

మన దగ్గర చట్టం ఇంకా కఠినం. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్ నుంచి బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వివరిస్తూ 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మొదటిసారికే 10,000 దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్స్‌కు మూడు నెలల అనర్హత అదనం. అసలు నా అభ్యంతరం ఇక్కడే. శబ్దం తగ్గించేలా మార్చినవాడినీ, చెవులు చిల్లులు పడేలా మార్చినవాడినీ ఒకే గాటన కడితే ఈ విద్య వీధి గ్యారేజీలో ఎప్పుడు ఎదగాలి? జర్మనీలో ధ్రువీకరించిన సైలెన్సర్‌ని చట్టబద్ధంగానే బిగించుకోవచ్చు.

కాబట్టి ప్రస్తుతానికి మీకున్న దారి కంపెనీల లోపలే. ఈ పనిని ఎన్‌వీహెచ్ అంటారు: నాయిస్, వైబ్రేషన్, హార్ష్‌నెస్. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థల్లో దీనికి ప్రత్యేక ల్యాబ్‌లున్నాయి. హైదరాబాద్‌లో హ్యుందాయ్, జడ్ఎఫ్ ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. వాటి ఖాళీల ప్రకటనల్లో ఈ మూడక్షరాల కోసం వెతుకుతూ ఉండండి. ఎలక్ట్రిక్ కార్లొస్తే సైలెన్సరే ఉండదు కదా అంటారా? ఇంజిన్ మోత పోయాక మోటార్ కీచుదనం, టైర్ల హోరు బయటపడ్డాయి. సైలెన్సర్ తెలిసినవాడికి పని తగ్గలేదు, మారింది.

చేతికి మసి అంటాలంటే కాలేజీ ఫార్ములా టీమ్‌లో చేరండి. ఫార్ములా ఎస్ఏఈ నిబంధనల ప్రకారం ఇంజిన్‌లోకి గాలి 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలి, అంటే పవర్ ముందే పిసినారి లెక్క. ఆపై సైలెన్సర్ చివరికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మైకు పెడతారు. ఐడిల్‌లో 103, పై ఆర్‌పీఎమ్‌లలో 110 డెసిబెల్స్ దాటకూడదు. కొలిచేది ‘సీ’ స్కేల్‌లో, ఇది లోశబ్దాన్ని వదలదు. ఈ పరీక్ష దాటందే కారు ట్రాక్ ఎక్కదు.