మ్యూజియం గూర్చి రెండు నిమిషాలు

"మీరు చూసిన ఒక మ్యూజియం గూర్చి చెప్పండి. అది ఎక్కడుంది? ఎప్పుడు వెళ్ళారు? అక్కడ ఏం చూశారు? అది మీకెందుకు గుర్తుండిపోయింది?"

విదేశాల్లో పైచదువుకో, నర్సు ఉద్యోగానికో వెళ్ళదలచినవాళ్ళు రాసే ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్షలో, ఇంగ్లీషు మాట్లాడే భాగంలో, చేతికొచ్చే చీటీ ఇలాంటిది. ఆలోచించుకోడానికి ఒక్క నిమిషం. కాగితం, పెన్సిలూ ఇస్తారు. ఆ తర్వాత రెండు నిమిషాల దాకా మనమే మాట్లాడాలి. అడ్డొచ్చేవాడు ఉండడు, అందించేవాడూ ఉండడు.

ఇదేమంత విషయమని ఈ సంచికలో పేజీలు ఖర్చు చేస్తున్నావని మిత్రులు అడగవచ్చు. ఆ పరీక్ష ఫీజు పదిహేను వేల రూపాయల పైమాటే. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 2,300 రూపాయలు. అంటే ఆరున్నర క్వింటాళ్ళ పైగా ధాన్యం అమ్మితే గాని ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చోడానికి లేదు. మా చీపురుపల్లి చుట్టుపట్ల, వాన పడితేనే ఉడుపులు అయ్యే ఊళ్ళల్లో, ఆరున్నర క్వింటాళ్ళంటే ఒక ఇంటికి నెలల తరబడి తిండి.

మా మేనత్త కూతురు, నాకు వదిన వరస, నర్సింగు చదివింది. బ్రిటన్‌లో నర్సుగా పేరు నమోదు కావాలంటే మాట్లాడే భాగంలో 9కి 7 రావాలి. ఆమెకి ఆరున్నర వచ్చింది. ఆమె చేతికొచ్చింది ఈ మ్యూజియం చీటీయే. శిక్షణ కేంద్రంలో దీనికి జవాబు ముందే రాయించేరు. రాత్రిళ్ళు దీపం ఆర్పేక కూడా వల్లించి, అది అప్పజెప్పింది. రెండు నిమిషాలూ బాగానే గడిచేయట. ఆ వెంటనే పరీక్షకురాలు, "మ్యూజియానికి టిక్కెట్టు పెట్టడం న్యాయమేనా? పాతవస్తువుల్ని దాచి మనుషులకేం లాభం?" అని మొదలుపెట్టింది. ఆ పరీక్ష పద్ధతే అంత. చీటీ మీది విషయాన్నే పట్టుకుని మూడో భాగంలో నాలుగైదు నిమిషాలు ప్రశ్నలు వేస్తారు. దానికి రాయించిన జవాబు లేదు. మా వదినకి నోట మాట రాలేదు.

ఆ నోట్సు నేను చూశాను. ఆమెదే కాదు, మా వైపు నుంచి పట్నం వెళ్ళి శిక్షణ పొందిన మరి నలుగురివీ చూశాను. అందరిదీ ఒకే మ్యూజియం: హైదరాబాదు సాలార్‌జంగ్. అందరూ అదే ఆదివారం, అదే బాబాయితో వెళ్ళేరు! బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కాని చూసి అందరూ ఒకే మాటతో ఆశ్చర్యపోయేరు. గంట కొట్టే బొమ్మ ఉన్న గడియారం ముందు అందరూ ఒకే చోట నిలబడ్డారు. ఈ అయిదుగురిలో ఒక్కరూ ఆ గుమ్మం తొక్కలేదు. సాలార్‌జంగ్ గొప్ప మ్యూజియమే. 1951లో మొదలై, 1968లో ఇప్పటి భవనంలోకి మారి, దేశదేశాల వస్తువులతో నిండిన చోటు. దాన్ని తప్పకుండా చూడాలి. చూడకుండా వర్ణించడం మాత్రం వేరే సంగతి.

ఈ విద్య మన ప్రాంతానికి కొత్త కాదు లెండి. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన కన్యాశుల్కంలో, ఇంట్లోవాళ్ళు ముచ్చటపడి ఇంగ్లీషు మాట్లాడమంటే గిరీశం, వెంకటేశం ఏం చేశారో మనందరికీ తెలుసు. ఒకరు చిన్నపిల్లల పాట ఎత్తుకుంటే, ఇంకొకరు వాచకంలో వాక్యం అప్పజెప్పేరు. విన్నవాళ్ళు మురిసిపోయేరు. గురజాడవారు నవ్వించి ఊరుకున్నారు గాని, శిక్షణ కేంద్రాలు ఆ ఘట్టాన్నే సిలబస్సు చేసి పారేశాయి. తేడా ఒక్కటే. అగ్రహారంలో వినేవాళ్ళకి ఇంగ్లీషు రాదు, పరీక్షలో వినేవాళ్ళకి వచ్చు. వల్లించిన ముక్కని పసిగట్టడం వాళ్ళకి అలవాటే.

అసలా పరీక్షలో మార్కులు దేనికి? నాలుగింటికి: ధారగా, పొందికగా మాట్లాడటం; మాటల సంపద; వ్యాకరణం; ఉచ్చారణ. రెబెక్కాకి మార్కులు లేవు. పాలరాయికి లేవు, నిజాముకి లేవు. మాటల సంపద అన్నచోట ఒక మంచి నియమం కూడా ఉంది. ఒక వస్తువుకి పేరు తెలియకపోయినా, చుట్టూ తిరిగి అదేమిటో అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ నేర్పుకి విలువ కడతారు. ఈ సంగతి తెలిశాక నేను మా ఇంటి అటక ఎక్కేను.

మా అటక మీద ఏమున్నాయో చెప్తాను. ఇత్తడి పట్టీలు బిగించిన కుంచం ఒకటి. ఎడ్ల మెడపట్టెడ, దానికి మిగిలిన మువ్వలు మూడు. అరిగిపోయిన నాగలి కర్రు. గోగునార పేనే కర్ర. గోగు పంట మా వైపు బాగా తగ్గేక దానితో పని లేకపోయింది. తాటాకు గిడుగు ఒకటి, ఎలకలు కొట్టినంత మేర కొట్టగా మిగిలినది. తాతని పిలిచి ఒక్కొక్కటే అడిగేను.

"ఈ కుంచం సంగతి అడిగినోడే లేడు రా ఇన్నాళ్ళకీ," అన్నాడు తాత. అని, ఊపిరి తిప్పుకోకుండా లెక్క చెప్పేడు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. నేను లెక్క కట్టుకున్నాను: కుంచానికి పదహారు సోలలు, అంటే రెండుకి నాలుగో ఘాతం. కంప్యూటరు క్లాసులో మేము కుస్తీపడే ద్విసంఖ్యామానం మా కల్లంలో ఎప్పటినుంచో నడుస్తోంది. 1956 చట్టంతో దేశమంతా మెట్రిక్ కొలతలు వచ్చేయి గాని, మా తాత ధాన్యం చూస్తే ఇప్పటికీ కుంచాల్లోనే అంచనా కడతాడు. ఏ ఏడాది ఎవరు ఈ కుంచంతో కొలిచి అప్పు తీర్చేరో, ఎవరు బొటనవేలు లోపలికి పెట్టి కొలిచి మోసం చేశేరో కూడా చెప్పేడు. పేర్లు నేను రాయను, మనవలు ఈ కాలేజీలోనే ఉన్నారు.

గిడుగుని ఇంగ్లీషులో ఏమంటారు? నాకు తెలీదు. "హ్యాండిల్ లేని అంబ్రెల్లా; తాటాకుతో చేస్తారు; తలమీద పెట్టుకుంటే వీపు కూడా కప్పుతుంది; రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కనక వానలో ఉడుపు ఉడవచ్చు" అని నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పుకున్నాను. గడియారం చూస్తే ఒక్క గిడుగుకే నలభై సెకన్లు పట్టింది. వల్లించలేదు, తడుముకున్నాను, అయినా ఆగలేదు.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. అటక మ్యూజియమా, అడిగింది మ్యూజియం గూర్చి కదా, అంటారు. నిజమే, చీటీలో ఉన్నదాన్ని వదిలి అటక పురాణం విప్పితే కుదరదు. మరి మ్యూజియాలు మనకి దగ్గర్లో లేవా? విశాఖ బీచిలో కుర్సురా జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా నిలబడింది. స్కూల్లో ఉండగా మమ్మల్ని తీసుకెళ్ళేరు. తొంభై మీటర్ల ఇనపగొట్టంలో వంగి వంగి నడిచేం. "వరస తప్పొద్దు, దేన్నీ తాకొద్దు" అని వెనక మాస్టారు. ముందు, చూపించే ఆయన రిటైరైన నావికుడు. ఆయన ఇంగ్లీషు మన ఇంగ్లీషులాంటిదే. కాని ఇంతమంది ఈ కాస్త చోటులో ఎలా పడుకునేవాళ్ళో, నీళ్ళు ఎలా పొదుపు చేసుకునేవాళ్ళో చెప్తుంటే మా అల్లరి మూక కూడా నోరు మూసుకుని వింది. బతికిన చోటు గూర్చి చెప్తున్నాడు కనక మాట కోసం వెతుక్కోలేదు. బస్సు ఎక్కేక ఎవరైనా మమ్మల్ని "ఏం చూశేర్రా?" అని అడిగేరా? లేదు. హాజరు పిలిచేరు, పులిహోర పొట్లాలు పంచేరు. అంతే.

లోపం ఇంగ్లీషులో ఉందని అందరూ అంటారు. నేనొప్పుకోను. చూసినదాన్ని రెండు నిమిషాలు తెలుగులోనైనా చెప్పమని పదిహేనేళ్ళ చదువులో మనల్ని అడిగినవాళ్ళు లేరు. సైన్సు విద్యార్థులకి వైవా ఉంది కదా అంటారు. మన వైవా ఎలా ఉంటుందో మనకి తెలుసు. "ఇదేమిటి?" "వెర్నియర్ కాలిపర్స్ సార్." "లీస్ట్ కౌంటెంత?" "జీరో పాయింట్ వన్ మిల్లీమీటర్ సార్." "వెళ్ళు." ఒక్కొక్కరికి అరనిమిషం. అధ్యాపకుల్ని తప్పుపట్టను, అరవైమందికి ఒకే మధ్యాహ్నం. కాని ఆ అరనిమిషం చదువుతో పెరిగినవాడు రెండు నిమిషాల చీటీ ముందు ఎలా నిలబడతాడు?

మన ప్రాంతంలోనే ఒక పెద్దాయన ఉండేవారు. అటక మీది గిడుగే ఆయన ఇంటిపేరు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు (1863-1940) వాడుకభాష కోసం పోరాడేరనీ, సవరల పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని తానే సవర భాష నేర్చుకున్నారనీ ఏటా ఆగస్టు 29న సభల్లో చెప్పుకుంటాం. వంశధార ఒడ్డున శాలిహుండం కొండమీది బౌద్ధ శిథిలాల్ని 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే అన్నది ఆ సభల్లో తక్కువగా వినిపిస్తుంది. జనం నోట మాట వినే చెవి, కొండమీద ఇటుక చూసే కన్ను ఒకే మనిషివి. శ్రీకాకుళం మీదుగా వెళ్తే పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. స్తూపాలున్నాయి, అక్కడ దొరికిన శిల్పాలున్నాయి. మనలో ఎంతమంది చూశాం? లండన్ వెళ్ళినవాళ్ళు బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలు చూసి ఫొటోలు పంపుతారు. 1845లో ఇలియట్ తవ్వించినవి, 1859లో ఓడెక్కి వెళ్ళినవి. వాటిని చూడ్డానికి వీసా కావాలి. శాలిహుండానికి బస్సు టిక్కెట్టు చాలు.

అంత దూరం కూడా అక్కర్లేదు. మా పక్కనే ఉన్న కోడూరు మాంగనీసు గనుల్లోని ఒక రాతిని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో భూగర్భ శాస్త్రజ్ఞుడు ఫెర్మర్ పరిశీలించి, దానికి 'కోడూరైట్' అని పేరు పెట్టాడు. ఫెల్‌స్పార్, మాంగనీసు ఉన్న గార్నెట్, ఎపటైట్ కలిసిన రాయి. ఊరి పేరు రాతికెక్కి, భూగర్భ శాస్త్ర గ్రంథాల్లోకి పోయింది. మన ఊళ్ళ పిల్లలకి మాత్రం అది గొడ్లు తోలడానికి విసిరే నల్లరాళ్ళ జాతి!

విద్యార్థి సంఘానికి, అధ్యాపకులకి నా విన్నపం ఖర్చుతో కూడింది కాదు. సైన్సు బ్లాకు వరండాలో తాళం పడని గాజు బీరువా ఒకటి ఏళ్ళుగా ఖాళీగా ఉంది. దాన్ని మనకిప్పించండి. ఇంటి నుంచి ఒక్కొక్కరం ఒక వస్తువు తెస్తాం. శనివారం చివరి గంటలో ఇద్దరేసి విద్యార్థులు ఆ బీరువా ముందు నిలబడి, తమ వస్తువు గూర్చి ముందు తెలుగులో రెండు నిమిషాలు, తర్వాత ఇంగ్లీషులో రెండు నిమిషాలు మాట్లాడాలి. కాగితం చూడకూడదు. విన్నవాళ్ళు మూడు ప్రశ్నలు వెయ్యాలి. అందులో ఒకటి మా వదినని ఆపేసిన ప్రశ్న కావాలి: ఇది దాచి ఎవరికేం లాభం? వాదించుకోనివ్వండి. లాభం లేదన్నవాడూ రెండు నిమిషాలు మాట్లాడినట్టే కదా.

ఇదంతా విదేశాలకెళ్ళే కొద్దిమంది కోసమేనా అని ఒక సీనియరు మిత్రుడు నన్ను దెప్పేడు. బ్యాంకు ఇంటర్వ్యూకి వెళ్ళేవాడికీ, రేపు బడిలో పాఠం చెప్పేవాడికీ, ధాన్యం తేమ శాతం మీద మిల్లువాడితో వాదించే రైతుకీ నోరు కావాలి. మా నాన్నకి ఆ నోరు లేక ప్రతి ఏడూ బస్తాకి ఎంతో కొంత తరుగు ఒప్పుకుని వస్తున్నాడు.

వదిన మళ్ళీ ఫీజు కట్టింది. ఈసారి నోట్సు వల్లించడం లేదు. సాయంత్రాలు మా ఇంటికొచ్చి తాతని ఇంగ్లీషులో ప్రశ్నలడుగుతోంది, ఆయన తెలుగులో జవాబులు చెప్తున్నాడు, ఆమె వాటిని ఇంగ్లీషులోకి తిప్పుతోంది. మధ్యలో ఇద్దరూ దెబ్బలాడుకుంటారు కూడా. ఇక బీరువాలో మొదటి వస్తువుగా కుంచం ఇవ్వడానికి తాత ఒప్పుకున్నాడు. షరతు ఒక్కటే: కల్లం రోజులకి ఇంటికి తిరిగి తెచ్చేయాలి.