సౌదీవాళ్లకేం తక్కువ?

తాండూరు నాపరాయి పాలిషింగ్ యూనిట్ల దగ్గరైనా, మండల కార్యాలయం వరండాలోనైనా ఒక మాట తరచుగా చెవిన పడుతుంది: ‘సౌదీవాళ్లకేం తక్కువ?’ ఆదాయ ధ్రువపత్రం కోసం వెళ్లిన ఇల్లాలితో గుమాస్తా ఈ మాటే అంటాడు. ఫీజు రాయితీ అడిగితే బడి యజమాని ఈ మాటే అంటాడు. చందా పుస్తకం పట్టుకుని వచ్చే మసీదు కమిటీ పెద్దలు చిరునవ్వుతో అనేదీ ఇదే. ఇతరులను నిందించడం దేనికి, మన దావత్‌లలో మనమే అనుకుంటున్నాం. ఇంత తేలికగా అడుగుతున్న ప్రశ్నకు ఒక్కసారైనా సావధానంగా జవాబు చెప్పవలసి ఉంది.

మొదట లెక్క చూద్దాం. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం ప్రవాస ఉద్యోగుల కుటుంబసభ్యులపై తలసరి రుసుము విధించింది. తొలి ఏడాది నెలకు 100 రియాళ్లు. ఏటా మరో 100 చొప్పున పెరిగి 2020 నాటికి అది 400 అయింది. భార్యనూ ముగ్గురు పిల్లలనూ దగ్గర ఉంచుకున్న గృహస్థు ఏడాదికి 19,200 రియాళ్లు కడితే తప్ప వారి ఇఖామా గడువు పెరగదు. నెలకు 4,000 రియాళ్లు సంపాదించేవాడికి అది దాదాపు ఐదు నెలల జీతం. అద్దె, బడి ఫీజు, వైద్య బీమా దీనికి అదనం. ఆదాయపు పన్ను లేని దేశమని మనవాళ్లు గొప్పగా చెప్పుకునే దేశం ఇదే! ఫలితం అందరికీ తెలిసిందే. భార్యాబిడ్డలు తిరుగు విమానమెక్కారు. ఇంటి యజమాని ఆరుగురితో కలిసి ఒక గదిలోకి మారాడు. నలభై ఏళ్లు దాటిన తండ్రి, బట్టలారేసిన తాడు కింద కూర్చుని, పిల్లవాడి లెక్కల పుస్తకాన్ని వీడియో కాల్‌లో చూస్తూ పాఠం చెబుతున్నాడు.

దీర్ఘకాల ప్రవాసం అన్న మాటలోనే ఒక మోసం ఉంది. ఇరవై ఏళ్లు ఉన్నవాడు కూడా అక్కడ ఒక్కొక్క ఏడాది చొప్పునే ఉంటాడు. ఇఖామా గడువు తీరితే బ్యాంకు ఖాతా స్తంభించిపోతుంది, ఆసుపత్రి గడప దాటడం కష్టమవుతుంది. యజమాని కోపగించి ‘హురూబ్’ నమోదు చేయిస్తే, నిన్నటి ఉద్యోగి నేడు పరారీలో ఉన్నవాడిగా లెక్కకెక్కుతాడు. 2021 మార్చిలో వచ్చిన సంస్కరణలు కొంత ఊరట ఇచ్చిన మాట నిజమే. ఒప్పందంలో ఏడాది పూర్తయ్యాక యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారవచ్చు, తిరిగివచ్చే వీసా తానే తీసుకోవచ్చు. అయితే ఇంటి డ్రైవర్లు, ఇంటి పనివారు, తోటమాలులు, గొర్రెల కాపరులు ఆ సంస్కరణల పరిధిలోకి రారు. వికారాబాద్, పరిగి, తాండూరు ప్రాంతాల నుంచి పోయిన మన సోదరులలో ఎందరో ఈ వీసాల మీదే ఉన్నారు. సంస్కరణ వచ్చింది, వారి ఇంటి తలుపు దగ్గర ఆగిపోయింది.

వృద్ధాప్యం సంగతి కూడా చూడాలి. సౌదీ కార్మిక చట్టం ప్రకారం తొలి ఐదేళ్లకు ఏడాదికి అర నెల, ఆపై ప్రతి ఏడాదికీ ఒక నెల చొప్పున జీతం గ్రాట్యుటీగా రావాలి. అంటే ఇరవై ఏళ్లు ఒకే సంస్థలో పనిచేసినవాడికి పదిహేడున్నర నెలల జీతం. ఇంటి డ్రైవరుకు నాలుగేళ్లకు ఒక నెల. ‘ఆజాద్ వీసా’ మీద పోయినవాడికి ఏమీ రాదు.

ఈ ఆజాద్ వీసా గురించి మనం గొంతు తగ్గించి మాట్లాడటం మానుకోవాలి. పేరులో మాత్రమే స్వేచ్ఛ ఉన్న వీసా ఇది. కాగితం మీద ఒక కఫీలు, పని మరెక్కడో. యజమాని కట్టవలసిన వర్క్ పర్మిట్ రుసుము ఏడాదికి 9,600 రియాళ్ల దాకా కార్మికుడే కడతాడు. ఇఖామా రుసుము 650, బీమా, కఫీలు వాటా అన్నీ అతని జేబులోనివే. తనిఖీలో దొరికితే జైలు, ఆపై తిరుగు ప్రయాణం. ఈ వీసాలు అమ్ముతున్నది ఎవరు? ముంబయి నుంచి వచ్చిన అపరిచితుడెవరో కాదు. మన బావమరిది, మన మహల్లా వ్యక్తి, మన పక్క సఫ్‌లో నిలబడి నమాజు చదివేవాడు. 1983 నాటి వలస చట్టం కింద నమోదైన ఏజెంటు సైతం 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోరాదు. మరి భార్య నగలు తాకట్టు పెట్టించి, అంతకు ఎన్నో రెట్లు వసూలు చేసే బంధువును ఏ నిబంధన ఆపుతోంది? ‘మేలు చేశాడు’ అని మనమే అతనికి దావత్ ఇస్తున్నాం. ప్రభుత్వాన్ని నిలదీసే ముందు ఈ దావత్‌లు ఆపడం న్యాయం.

ఇప్పుడు ప్రభుత్వం సంగతి. అన్నింటికన్నా లోతుగా కోసేది, అన్నింటికన్నా తక్కువగా చర్చకు వచ్చేది పిల్లల స్థానికత. తెలంగాణలో వైద్యవిద్య ప్రవేశాలకు స్థానిక అభ్యర్థి కావాలంటే, అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస విద్యాసంవత్సరాలు ఈ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. 2024లో సవరించిన ఈ నిబంధనను 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు సమర్థించింది. స్థానికత అనే సూత్రంతో మనకు తగవు లేదు. ఈ నేల బిడ్డలకే ఈ నేల సీట్లు అన్న నినాదం మీదే రాష్ట్రం వచ్చింది, ఆ ఉద్యమంలో మనమూ నడిచాం. తగవు మినహాయింపుల దగ్గర ఉంది. ఇతర రాష్ట్రాలలో పనిచేసిన రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలకు, అఖిల భారత సర్వీసుల అధికారుల పిల్లలకు, సైనికుల పిల్లలకు, ప్రభుత్వ సంస్థల ఉద్యోగుల పిల్లలకు ఆ నాలుగేళ్ల షరతు నుంచి సడలింపు ఉంది. ఉద్యోగరీత్యా తండ్రి బయట ఉన్నందుకు బిడ్డ నష్టపోరాదన్నదే అందులోని న్యాయం. బాగుంది. మరి రియాద్‌లోనో దమ్మామ్‌లోనో తండ్రి ఉన్నది విహారానికా? తాండూరులో పుట్టి, తాండూరులో రేషన్ కార్డు ఉండి, జెద్దాలోని భారతీయ పాఠశాలలో పదో తరగతి చదివిన ఆడపిల్ల ఏ రాష్ట్రానికి స్థానికురాలు? సౌదీ అరేబియా ఆమెకు పౌరసత్వం ఇవ్వదు, తెలంగాణ స్థానికత ఇవ్వదు. స్థానికత లేనప్పుడు బీసీ-ఇ కింద మనం ఇన్నేళ్లుగా కోర్టుల చుట్టూ తిరిగి కాపాడుకుంటున్న 4 శాతం కూడా ఆమెకు అందని పండే.

అందుకే మన కుటుంబాలు ఎనిమిదో తరగతి ముగియగానే పిల్లలను నానీ ఇంటికి పంపేస్తున్నాయి. తల్లి అక్కడ, బిడ్డ ఇక్కడ. లేదా తల్లీబిడ్డలు ఇక్కడ, తండ్రి అక్కడ. ఇది కుటుంబం చేసుకున్న ఎంపిక అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, ఒక నిబంధన చేయించిన పని ఇది. విదేశాల్లో చదువుకునే మైనారిటీ విద్యార్థికి 20 లక్షల రూపాయల దాకా సాయం చేసే రాష్ట్రమే, విదేశంలో శ్రమించే మైనారిటీ కార్మికుని బిడ్డను పరాయిదానిగా లెక్కగట్టడం వింతగా లేదూ?

ఇక మరణం. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇస్తామని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఎన్నో ఏళ్ల పోరాటం తర్వాత వచ్చిన మంచి ఉత్తర్వు అది. ఆ తేదీకి ముందు పోయినవారు, కరోనా కాలంలో ఆసుపత్రి పడకల మీద ఒంటరిగా కన్నుమూసినవారు దానికి వెలుపలే మిగిలిపోయారు. ఆ మాట అలా ఉంచుదాం. ఈ రాష్ట్రంలో గల్ఫ్ మరణం అనగానే శంషాబాద్ విమానాశ్రయంలో దిగే శవపేటికే కళ్లముందు కదులుతుంది. ఉచిత అంబులెన్సు, ఊరి పొలిమేరలో జనం, పరామర్శకు వచ్చే నాయకులు, మరునాడు పత్రికలో ఫొటో. మన ఇళ్లలో జరిగేది వేరు. జనాజా ఆలస్యం కారాదన్న తలంపుతో చాలా కుటుంబాలు ఖననం అక్కడే చేయించడానికి సమ్మతిపత్రం రాసి పంపుతాయి. ఆ క్షణం నుంచి ఆ మరణం జిల్లా యంత్రాంగం కంటికి కనబడదు. పేటిక రాలేదు కనుక పరామర్శ లేదు, ఫొటో లేదు, దరఖాస్తు పెట్టుకోమని చెప్పేవాడూ లేడు.

ఆ తర్వాత కాగితాల యాత్ర మొదలవుతుంది. సౌదీ మరణ ధ్రువపత్రం, రాయబార కార్యాలయంలో నమోదు, రద్దయిన పాస్‌పోర్టు, ఇక్కడ కుటుంబసభ్యుల ధ్రువపత్రం, బకాయి జీతానికీ గ్రాట్యుటీకీ వారసుల తరఫున అధికారపత్రం. వితంతువు నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో ఉన్న కాలమూ, కార్యాలయాలు ఆమె సంతకం కోసం రమ్మనే కాలమూ ఒకటే. ఇంటి వద్దకే ఒక ఉద్యోగిని పంపి సంతకం తీసుకోవడానికి ఏ చట్టం అడ్డు? పేరులోని ఒక అక్షరం తేడా, మొహమ్మద్, మహ్మద్, ఎండీ అన్న మూడు రూపాలు, ఎన్ని దస్త్రాలను నెలల తరబడి ఆపాయో మన మహల్లాలో అడిగితే చెబుతారు. బీమా ఉందిగా అంటారు. ప్రవాసీ భారతీయ బీమా యోజన 275 రూపాయలకు రెండేళ్ల పాటు 10 లక్షల రక్షణ ఇస్తుంది. అది ప్రమాద మరణానికే, రాత్రి గదిలో గుండె ఆగి పోయినవాడికి కాదు. పైగా పదో తరగతి ప్యాసై వలస అనుమతి అక్కరలేని పాస్‌పోర్టు మీద పోయేవాడికి అది తప్పనిసరి కాదు కనుక, చాలామంది పేరే వినలేదు.

ఓటు గురించి రెండు మాటలు చాలు. 2010 చట్ట సవరణతో ప్రవాసికి ఓటుహక్కు వచ్చింది. కానీ పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా పోలింగ్ కేంద్రానికి రావాలి. ప్రతినిధి ద్వారా ఓటు వేసే బిల్లును 2018 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించింది, మరుసటి ఏడాది సభ రద్దుతో అదీ మురిగిపోయింది. 2024 ఎన్నికల నాటికి దేశం మొత్తం మీద విదేశీ ఓటర్లుగా నమోదైనవారు సుమారు 1.2 లక్షలు మాత్రమే, వారిలో అత్యధికులు కేరళీయులు. ఓటు లేని మనిషి గోడు ఎవరికి పట్టింది?

ఈనాటి ముఖ్యమంత్రి కొడంగల్ నుంచి, శాసనసభాపతి వికారాబాద్ నుంచి ఎన్నికయ్యారు. రెండూ ఈ జిల్లావే. అయినా గల్ఫ్ అంటే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ అనే లెక్కే రాజధానిలో నడుస్తోంది. ఆ జిల్లాల కార్మికుల కష్టం పెద్దది, వారి సంఘాలు పోరాడబట్టే 5 లక్షల ఉత్తర్వు వచ్చింది. వారికి మనం కృతజ్ఞులం. కానీ ప్రవాసుల గోడు వినే ప్రజావాణి హైదరాబాద్ ప్రజాభవన్‌లో ఉంటే, తాండూరు ఇల్లాలు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఎన్నిసార్లు రాగలదు? కేరళ 1996లోనే ప్రవాసులకు ఒక శాఖ పెట్టింది, 2008లో సంక్షేమ చట్టం తెచ్చి చందాతో కూడిన పెన్షన్ ఏర్పాటు చేసింది. మన దగ్గర కలెక్టరేట్‌లో ఒక కుర్చీ లేదు.

కాబట్టి అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. ప్రవాస కార్మికుని బిడ్డకు, ప్రభుత్వోద్యోగి బిడ్డకు ఇచ్చిన సడలింపే ఇవ్వాలి. తండ్రి వీసా, తల్లిదండ్రుల తెలంగాణ నివాస ధ్రువపత్రం అందుకు ఆధారంగా చాలును. ఖననం ఎక్కడ జరిగినా రాయబార కార్యాలయం పత్రం అందిన వెంటనే కలెక్టరేటే కుటుంబాన్ని వెతుక్కుంటూ రావాలి. వికారాబాద్ కలెక్టరేట్‌లో ఉర్దూ, తెలుగు తెలిసిన ఒక ఉద్యోగిని ఈ పనికే నియమించాలి.

ప్రభుత్వం కదిలేవరకు మన మసీదు కమిటీలు చేయగలిగినవి ఉన్నాయి. జకాత్ పద్దులలో ఇబ్నుస్సబీల్ ఒకటి. అక్కడ చిక్కుకుని టికెట్టు డబ్బులు లేక నిలిచిపోయిన తాండూరు మనిషికన్నా దానికి అర్హుడెవరు? మన కమిటీల రమజాన్ లెక్కల్లో ఆ పద్దు కింద ఎంత ఖర్చు రాశారో ఈసారి అడిగి చూడండి. ప్రతి మహల్లాలో ఒక రిజిస్టరు తెరవాలి: ఎవరు ఏ దేశంలో, ఏ వీసా మీద ఉన్నారు, ఇఖామా నంబరు, పాస్‌పోర్టులో పేరు ఎలా ఉంది, ఆధార్‌లో ఎలా ఉంది. ఓటర్ల జాబితా సవరణకు అధికారి ఇంటికి వచ్చినప్పుడు ‘అతను సౌదీలో ఉన్నాడు’ అని ఊరుకుంటే ‘వలస వెళ్లారు’ అని రాసి పేరు తీసేస్తారు. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోదని ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ చెబుతోందని, విదేశీ ఓటరుకు ఫారం 6ఏ ఉందని ఆ ఇంటి ఇల్లాలికి ముందే చెప్పి ఉంచాలి. రాబోయే జుమా తర్వాత పది నిమిషాలు ఇందుకు కేటాయించండి, రిజిస్టరు మొదటి పేజీ ఆ రోజే నింపవచ్చు.