బడి పెరట్లో రంగుల మడి

బడి అన్నాక నాలుగు పూలమొక్కలు, ఒక కూరమడి ఎక్కడైనా ఉంటాయి. బట్టలకి అద్దే రంగుల కోసం మొక్కలు పెంచే బడిని ఎప్పుడైనా చూశారా? మా పెడనలో ఉందండీ. కలంకారీ అద్దకానికి పేరుపడ్డ ఊరు కదా మాది, ఆ అద్దకానికి పనికొచ్చే మొక్కలనే పిల్లలు మడి కట్టి పెంచుతున్నారు.

నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకు ఒళ్ళు మండింది. మా అమ్మాయి యూనిఫాం నిండా బురదతో వచ్చేసరికి, "చదువుకోమని పంపితే మట్టిపని చేయిస్తారా?" అని టీచరమ్మగారిని అడిగేశాను కూడా. ఆవిడ నవ్వి, "ఒక్కసారి వచ్చి చూడండి" అన్నారు. సరేనని వెళ్ళాను.

చిన్న జాగాయే. ఒకవైపు నీలి మొక్కలు, ఒకవైపు బంతి, గోడవారగా రెండు దానిమ్మలు. ఇసుక కలిపిన మడిలో సన్నటి ఆకులతో గడ్డిలాంటిదేదో ఉంటే కలుపనుకుని పీకబోయాను. "పీకకండి ఆంటీ, అది చిరివేరు!" అన్నాడో కుర్రాడు. ఒకప్పుడు బందరు బట్టలకి ఎరుపు ఇచ్చింది ఈ వేరే. 1868లో ఇద్దరు జర్మను శాస్త్రజ్ఞులు ఆ ఎరుపునే రసాయనాలతో తయారుచేశారు. ఆ తర్వాత డబ్బా రంగు చవగ్గా దొరికేసరికి వేరు తవ్వేవాళ్ళు తగ్గిపోయారు. ఇదంతా మడి పక్కన అట్టమీద పిల్లలే రాసిపెట్టారు.

ఆ కుర్రాడిది అద్దకం పనివాళ్ళ ఇల్లు. గోళ్ళలో నల్లరంగు ఉందని తోటిపిల్లలు వెక్కిరిస్తుంటే చేతులు జేబులో దాచుకునేవాడని మా అమ్మాయి చెప్పింది. ఆవేళ వాళ్ళ నాన్న టేకు అచ్చులు తెచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాడు. కరక్కాయ నీళ్ళలో తడిపిన గుడ్డమీద, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో అచ్చు వేస్తే నల్లగా తేలింది. ఎరుపు కావలసినచోట పటిక నీళ్ళ అచ్చు వేశాడు. "ఎర్రనీళ్ళలో ఉడికిస్తే గుడ్డంతా ఎర్రగా అయిపోదా?" అని ఎవరో అడిగారు. తండ్రికంటే ముందే ఈ పిల్లాడు లేచి, "పటిక పడ్డచోటే ఎరుపు నిలబడుతుంది. మిగతాది ఉతికి ఎండేస్తుంటే పోతుంది" అన్నాడు. చెయ్యెత్తి మరీ చెప్పాడు!

వాడు తండ్రి పనే చెయ్యాలని నేననను. ఆ పనిలో కూలి ఎంతో నాకు తెలుసు. కానీ తండ్రి చేతి రంగు చూసి సిగ్గుపడకుండా పెరిగితే చాలు కదా!

వేసవి సెలవుల్లో నీళ్ళు పోసే దిక్కులేక చిరివేరు రెండు వరసలు ఎండిపోయాయి. మర్నాటి నుంచి తల్లులం వంతులు వేసుకున్నాం. మంగళవారం నాది. మట్టిపని అని కేకలేసిన దాన్నే బిందె మోశాను!

మీరూ ఇంట్లో చేసి చూడండి. గంజి పోయేలా ఉతికిన నూలు చేతిరుమాలుని కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేయండి. తర్వాత పటిక నీళ్ళలో ముంచి మళ్ళీ ఆరేయండి. రెండు గుప్పెళ్ళ ఎండు బంతిరేకుల్ని లీటరు నీళ్ళలో అరగంట మరిగించి వడకట్టి, అందులో రుమాలు వేసి సన్నసెగమీద ఇరవై నిమిషాలు ఉంచండి. నీడలో ఆరేస్తే చక్కని పసుపురంగు. వంటగిన్నెలు మాత్రం వాడకండి, ఓ పాతగిన్నె కేటాయించండి.

అన్ని ఊళ్ళకీ అద్దకమే ఉండక్కర్లేదు. కొండపల్లి బొమ్మలకి తెల్లపొణికి చెట్టు, తెలంగాణలో బతుకమ్మకి తంగేడు, గునుగు. మీ ఊరి పేరు నిలిపిన మొక్క ఏదో మీ పిల్లల్ని అడగండి. వాళ్ళకి తెలియకపోతే ఈసారి బడికి వెళ్ళినప్పుడు టీచరుగారితో ఆ మాట కదపండి. కాకపోతే సెలవుల్లో నీళ్ళు పోసే వంతులు ముందే రాసుకోండి!