మొదటి చావును అడగకపోతేనే సీరియల్ కిల్లర్ తయారైతడు



వారాసిగూడల మా హాస్టల్‌లో ఆదివారం వచ్చిందంటే ఎవరో ఒకరి ఫోన్‌ల క్రైమ్ థ్రిల్లర్ నడవాల్సిందే. 2022 డిసెంబర్‌లో వచ్చిన హిట్ 2 నాకూ ఇష్టమే. ఒక శవం దొరుకుతది. పరీక్ష చేస్తే ఆ భాగాలు ఒక్క మనిషివి కావని తేలుతది. కథ మొత్తం అక్కడే మలుపు తిరుగుతది. కానీ విజిల్స్ మాత్రం పోలీస్ హీరోకే. శవాన్ని చదివిన డాక్టరు ఎవరికీ గుర్తుండడు.

సినిమాల కిల్లర్ మస్తు తెలివైనోడు. బయట అట్ల కాదు. మొదటి చావు గురించి ఎవరూ గట్టిగ అడగకపోబట్టే రెండోది జరుగుతది.

యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్ చూడండి. 2019 ఏప్రిల్‌లో స్కూలుకు పోయిన అమ్మాయి పాడుబడ్డ బావిలో శవమై దొరికింది. ఆ తర్వాత వెతికితే ఇంకో ఇద్దరు ఆడపిల్లల సంగతి బయటపడ్డది. అందులో ఒక పాప తప్పిపోయింది 2015లో! 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు ఉరిశిక్ష వేసింది. మరి 2015లనే గట్టిగ వెతికి ఉంటే మిగతా ఇద్దరు బతికేటోళ్లు కాదా?

2020 మేలో వరంగల్ దగ్గర గొర్రెకుంట బావిలో 9 శవాలు తేలినయి. వలస కూలీలు. లాక్‌డౌన్ కష్టాలకు ఆత్మహత్య చేసుకున్నరేమో అనుకున్నరు ముందుగాల. పోస్టుమార్టం, సీసీ కెమెరాలు, పోలీసుల విచారణ కలిస్తే అసలు సంగతి తేలింది. మార్చిలో చేసిన ఒక హత్య బయటపడొద్దని, అన్నంలో నిద్రమాత్రలు కలిపి అందరినీ బావిలో పడేసిండు.

ఇగ మన గూడేలు, తండాల సంగతి. ఉరేసుకున్నది, మందు తాగిండు, పాము కరిచింది అంటరు. పెద్దమనుషులు మాట్లాడుతరు, పొద్దుగూకేలోపు మట్టి చేస్తరు. పోస్టుమార్టం అంటే శవాన్ని కోసి పాడుచేస్తరని భయం. ఆసుపత్రి దూరం, బండి కిరాయి భారం. ఆ భయం నాకు తెలుసు. కానీ కాల్చినంక డాక్టరు చూడటానికి ఏం మిగల్దు.

అందుకే మనకు తెలిసి ఉండాల్సినవి కొన్ని:

అనుమానం ఉన్న చావైతే బీఎన్ఎస్ఎస్ 194 కింద పోలీసులు ఊరోళ్ల ముందట పంచనామా చేయాలె. చదువుకున్న మనం పక్కన నిలబడి, చదివినంకనే సంతకం పెట్టనియ్యాలె.

పిల్లలు తప్పిపోతే ఎఫ్ఐఆర్ రాయాల్సిందే అని సుప్రీంకోర్టు 2013లనే చెప్పింది. "రెండు రోజులు చూద్దాం" అంటే ఒప్పుకోవద్దు. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినోళ్లకు ఉచితంగా ఇయ్యాలె.

ఇంకో మాట. తార్నాక దాటి ఉప్పల్ రోడ్డు మీద పోతే సీసీఎంబీ ఉంటది. మన దేశంల డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు బాట వేసిన లాల్జీ సింగ్ పనిచేసింది అక్కడే. మనోళ్లు రోజూ బస్సుల దాని ముందు నుంచే పోతరు. ఎంబీబీఎస్ సీటు వచ్చిన మన తమ్ముళ్లు, చెల్లెళ్లల్ల ఒక్కరన్నా ఫోరెన్సిక్ మెడిసిన్‌ల ఎండీ చేయాలె. మార్చురీ బయట కూసున్న తల్లికి బిడ్డ ఎట్ల చచ్చిపోయిందో కోయల, గోండిల, లంబాడీల చెప్పే డాక్టరు మనకు కావాలె.