చదివేవాళ్లెవరు?

మొన్న ఆదివారం బోనకల్‌లో మా ఆపా ఇంటికి వెళ్తే, ఏడో తరగతి చదివే భాంజీ తన ఇంగ్లీషు నోటుబుక్కు తెచ్చి చూపించింది. మాషాఅల్లాహ్, దస్తూరీ ముత్యాలే. ‘మై బెస్ట్ ఫ్రెండ్’ మీద పది లైన్లు, ఒక్క గలతీ లేదు. కానీ అందులో ఉన్నది తన దోస్తు పేరు కాదు. ఇదేంటి బేటా అంటే, “బోర్డు మీద అట్లనే ఉంది మామూ, అందరం అదే రాసినం” అంది. క్లాసు మొత్తానికీ ఒక్కరే జిగ్రీ దోస్తు!

నవ్వుకున్నాను గానీ ఫికర్ పట్టుకుంది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారీ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు ముందు నుంచీ ఇంగ్లీషు మీడియమే. నేను దీనికి ఖిలాఫ్ కాదు. ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు, ఖురాన్ ముందు అరబీ హర్ఫులు. ఇన్ని మోసే మన పిల్లలకు ఇంకో జబాన్ బరువేం కాదు. నా షికాయత్ ఒక్కటే, రాయడం పేరుతో నకలు చేయిస్తున్నాం. గాలిబ్ ఖతులు ఇవాళ్టికీ చదువుతున్నామంటే, ఎదురుగా కూర్చున్న దోస్తుతో మాట్లాడినట్టు రాశాడు గనకే. మన పిల్ల రాసింది ఎవరు చదువుతారు? టిక్కు పెట్టే ఎర్ర పెన్ను.

ఇది కొత్త సంగతేం కాదు. 1920లలో ఫ్రాన్స్‌లో ఫ్రెనే అనే పల్లెటూరి ఉస్తాద్ క్లాసులోకి చిన్న అచ్చు యంత్రం తెచ్చాడు. పిల్లలు తమ ఊరి సంగతులు తామే రాసి, అచ్చేసి, వేరే ఊరి బడి పిల్లలకు పంపేవాళ్లు. మనకు అచ్చు యంత్రం కూడా అక్కర్లేదు. గోడకు ఒక చార్టు, వారానికి ఐదుగురి రాతలు, పక్క ఊరి బడికి ఒక కాపీ చాలు.

ఆ రోజు భాంజీతో అదే చేసి చూశాను. మిర్చి ఆరబోసిన రాత్రి వానొచ్చిన కిస్సా ముందు ఉర్దూలో చెప్పించాను. తర్వాత హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడి కూతురికి ఇంగ్లీషులో రాయమన్నాను. ఆరు వాక్యాలు రాసింది. ‘ఆల్ పీపుల్ రన్నింగ్ విత్ పట్టా’ అని ఒకటి. నేను దిద్దలేదు. ఫోన్లో ఫొటో తీసి పంపితే సాయంత్రానికి జవాబు: వానొస్తే భూమి పట్టాలు పట్టుకుని ఎందుకు పరుగెత్తారు?

భాంజీ పడీపడీ నవ్వింది. తర్వాత కూర్చుని, మిర్చి మీద కప్పే టార్పాలిన్‌నే మా ఊళ్లో పట్టా అంటారని మూడు వాక్యాల్లో రాసింది. ఆ మూడూ ఏ గైడులోనూ లేవు. అర్థం కాలేదని ఒక్కరు అడిగితే పిల్ల తనంతట తానే తిరగరాస్తుంది. ఎర్ర సిరాతో అది జరగదు.

మరి గ్రామర్ సంగతి? పరీక్షలో మార్కులు పోవా? పోతాయి, అందుకే దిద్దాలి. కానీ గోడకెక్కే ముందు దిద్దాలి, అదీ ఒక్కోసారి ఒక్కో రకం గలతీ. ఈ వారం క్రియలు, వచ్చే వారం ఇంకోటి. పది తప్పులకూ ఒకేసారి గీతలు పడితే పిల్ల మళ్లీ బోర్డు వైపే చూస్తుంది, అక్కడైతే గలతీ ఉండదు గనక. ఇన్ని నోటుబుక్కులు దిద్దే టీచర్ల తక్లీఫ్ నాకు తెలుసు. అందుకే వారానికి ఐదుగురంటున్నాను.

ఇంగ్లీషు రాని అమ్మీలు మనమేం చేస్తాం అనుకుంటారు. మా ఆపాకూ రాదు. ఆ రాత్రి భోజనాలయ్యాక కూతురు తను రాసింది ఒక్కో లైను చదివి మతలబ్ చెప్తుంటే వింది. అంతా విని, “వానలో గేదెను విప్పి లోపల కట్టింది నేను కదా, అది రాయలేదేం?” అంది.

భాంజీ మళ్లీ పెన్ను తీసింది. “మామూ, విప్పడాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?”