గుట్టను చదును చేయొద్దని మా నాయనతో ఎందుకు కొట్లాడినానంటే..

పైన వీడియోలో మీరు చూసిన అడవి శేషాచలం కొండలది. చంద్రగిరి వైపు మా పొలానికి ఆనుకునే ఉంటుంది. మే నెల ఎండలో తీసినాం. అక్కడ నీళ్లు పెట్టినోళ్లు లేరు, యూరియా చల్లినోళ్లు లేరు. రాయి చీలికలో వేరు దించుకుని ఎర్రచందనం నిలబడి ఉంది.

మాకున్న నాలుగెకరాల్లో ఒక ఎకరం గుట్టవార. అంతా రాళ్లు, కలివి, బలుసు పొదలు, చిరుమాన్లు, సీతాఫలం. దాన్ని జేసీబీతో చదును చేసి మామిడి పెడదామని నాయన అంటాడు. బోరు అప్పు ఇంకా తీరలేదు, ఆయన బాధ ఆయనది. నేను వద్దంటున్నా.

దీనికి కారణం నేను చేసిన తప్పే. డిప్లొమా చదివేటప్పుడు నాకు నేల అంటే ఎన్‌పీకే లెక్క మాత్రమే. ఆ చదువుతో వచ్చి, గుట్టకింద అర ఎకరంలో పొదలు కొట్టించి, ఆకంతా ఊడ్చి కాల్పించినా. నాలుగు పెద్ద వానలకు ఎర్రమట్టి వంకలోకి పోయింది. కింద గరుసు తేలింది. ఈరోజుకీ అక్కడ శెనగ సరిగా రాదు.

కొండ మీద ఉండేది ఎక్కువగా క్వార్ట్‌జైట్ రాయి. అంత తొందరగా అరిగి మట్టి కాదు. మరి అడవి ఎట్లా బతుకుతోంది? ఎండాకాలం చెట్లు ఆకు రాలుస్తాయి. ఆ ఆకు రాళ్ల సందుల్లో చేరి, చెదలు తిని, వానకు కుళ్లి, పిడికెడు మట్టి అవుతుంది. పడిన వాన పరుగెత్తకుండా వేర్ల వెంట చీలికల్లోకి దిగుతుంది. మంచి నేల చూసుకుని అడవి రాలేదన్నా, తన నేలను తానే చేసుకుంది. మనం ఆచ్ఛాదన, ఘన జీవామృతం అంటున్నది ఈ పనికే.

ఇంకో సంగతి. అక్కడ ఏ చెట్టూ ఒంటరిగా లేదు. ఎర్రచందనం, జాలారి, తెల్ల కరక, మొగి, కింద పొదలు, గడ్డి అన్నీ కలిసే ఉంటాయి. అమెరికాలోని టెక్సాస్‌లో సున్నపురాయి లోయల్లో మేపుల్, ఓక్ చెట్లు కూడా ఇట్లాగే కలిసి పెరుగుతాయి. రాతినేలలో ఒంటి పంట నిలవదు, గుంపు నిలుస్తుంది. మన శేషాచలాన్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించినారు. సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు. దాని అంచున పొలం ఉండేది మన అదృష్టం.

'మరి డబ్బులు?' అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మామిడి లెక్క కూడా చూడండి. 2025లో తోతాపురికి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అన్నారు. అయినా ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి క్యూలో నిలబడినాయి. జేసీబీకి అప్పు చేసి, ఇంకో ఎకరం అదే పంట పెట్టి, అదే క్యూలో నిలబడదామా?

అట్లాగని 'ఎర్రచందనం వేస్తే ఎకరాకు కోట్లు' అనే ప్రకటనలు కూడా నమ్మొద్దు. చేవ రావడానికి ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది. సొంత పొలంలో పెంచినా నరకడానికి, తరలించడానికి అటవీశాఖ అనుమతి కావాల. గట్ల మీద నాలుగు పెట్టుకోండి, పిల్లలకు పనికొస్తాయి.

నేను చెప్పేది ఒకటే. గుట్టవార నేలను అడవిగానే వదలండి. ఆకు కాల్చొద్దు. వాలుకు అడ్డంగా రాళ్లకట్ట వేయండి. కింది మడికి తేమ, ఆకు, పురుగుల్ని తినే పిట్టలు అక్కడినుంచే వస్తాయి. సీతాఫలం, కలివికాయ అమ్ముకుంటే చేతి ఖర్చుకు వస్తుంది. అంతకు మించి ఆశ చూపించను.

నాయన వచ్చే వానాకాలం దాకా గడువు ఇచ్చినాడు. నేను పాడుచేసిన ఆ అర ఎకరంలో రాళ్లకట్ట వేసి, నవధాన్యాలు చల్లినా. అక్కడ మట్టి నిలిస్తే గుట్ట నిలుస్తుంది. నిలిచినా, నిలవకపోయినా వీడియో పెడతా.